గరిటె కాడ విరగని ఫోటో

ఆర్డిస్ హౌగెన్ అబద్ధాలకోరని మా ఊరి హాలు గోడ మీద కాగితం అంటించారు. అంటించినవాడి చెయ్యి పడిపోను! అచ్చంగా ఆ మాటే రాయలేదనుకోండి. పెద్దమనుషుల రాతలు అంత సూటిగా ఉండవు. 'ఈ చిత్రాల విశ్వసనీయతపై సందేహాలు తలెత్తినందున వీటిని తొలగించడమైనది' అని రాశారు. ఎలా రాస్తేనేం, అర్థం అదే. ఒక మనిషి ఓ జీవితకాలం పాటు తీసిన ఫోటోలు ఆ గోడ నిండా ఉండేవి. ఇప్పుడు మేకులున్నాయి, వాటి కింద గోడ రంగు వెలిసిపోని నలుచదరపు మచ్చలున్నాయి, మధ్యలో ఆ కాగితం ఉంది.

నా పేరు లొరెటా. మోంటానాలో, మా లోయలో, రోడ్డు పక్కన కాఫీ హోటలు నాది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు, నిజమే. ఈ ఒక్క సంగతిలో మాత్రం చాలాకాలం నోరు కుట్టేసుకున్నాను. ఇక నా వల్ల కాదు. అందుకని ఊరి పేరు చెప్పకుండా, కొండల పేర్లు మార్చి చెబుతున్నాను. అయినా వెతుక్కుంటూ వస్తామంటారా, రండి. మా దోమలు మీకోసం కాచుకునే ఉన్నాయి.

ఆర్డిస్ బడి బస్సు నడిపేది. పొద్దున పిల్లలను బడి దగ్గర దించి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా చేతిలో ఉన్న ఖాళీలో కెమెరా పట్టింది. మొగుడు ఆర్విల్ పోయాక, బస్సు పని మానేశాక, ఇక అదే పని. పాత ట్రక్కు ఒకటి ఉంది ఆవిడకు. ఆర్విల్ జీన్స్ ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, రెండు వైపులా కుట్టేసి, లోపల ఎండు చిక్కుడు గింజలు నింపింది. ట్రక్కు అద్దం దించి, ఆ మూట అంచు మీద వేసి, దాని మీద కెమెరా ఆనించి ఫోటో తీస్తుంది.

"ఆర్విల్ బతికున్నప్పుడు ఇంత కుదురుగా ఒక్కచోట ఎప్పుడు ఉన్నాడే?" అని నవ్వేది.

ఇంజను నడుస్తుంటే ట్రక్కు అదురుతుంది, ఫోటో చెడుతుంది. కాబట్టి ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలిలో కూడా ఇంజను ఆపేసి కూర్చునేది. కాఫీ తాగదు, తాగితే మధ్యలో దిగాల్సి వస్తుందని. చలికాలంలో పొదల్లో నిలబడి చిగుళ్ళు నమిలే పెద్ద మూస్ దుప్పి, మంచు కరిగాక పచ్చికలో జతలు జతలుగా గెంతే కొంగలు, ఎండాకాలం చివర అడవి మంటల పొగలో ఎర్రబడ్డ పొద్దు, ఆకులు రాలేటప్పుడు మెడ సాచి కేకవేసే మగ ఎల్క్ జింక. ఏ కాలానికి ఏది వస్తుందో దాని కోసం వెళ్ళి కూర్చుంటుంది, రాకపోతే తిట్టుకుంటూ ఇంటికొస్తుంది.

ఆవిడ పట్టింపులు ఆవిడవి. ట్రక్కు దిగదు. చప్పుడు చేసి జంతువును తనవైపు తిప్పుకోదు. అడ్డొచ్చిందని కొమ్మ విరవదు. అన్నిటికంటే పెద్ద పట్టింపు ఒకటుంది. జంతువు ఉన్న ఫోటోలో కొండ కనపడకూడదు. కొండల ఫోటోలు వేరు, జంతువుల ఫోటోలు వేరు.

"ఎందుకే అంత చాదస్తం? వెనకాల కొండ ఉంటే ఎంత బాగుంటుంది!" అన్నానొకసారి.

"నీకు బాగానే ఉంటుంది, దానికి బాగుండదు. రెండు శిఖరాలు కనబడితే చాలు, తెలిసినవాడు ఆ రెండూ అదే వరసలో కనబడే చోటు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా నా టైర్ల గుర్తుల మీదే నిలబడతాడు. అక్కడికి నేనే దాని ఇంటి అడ్రసు అచ్చేసి పంచినట్టు కాదా?"

కోపం వస్తే ఆవిడ మనిషి కాదు. ఒకసారి ఊళ్ళోకి వచ్చిన పెద్ద కెమెరాల ఆసామి ఒకడు పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న తెల్లెలుకను మంచు మీద వదిలాడు, గుడ్లగూబ దూకి పట్టుకుంటుంటే ఫోటో తీద్దామని. ఆర్డిస్ హారన్ మీద చెయ్యి పెట్టింది, వాడు వెళ్ళేదాకా తీయలేదు. గుడ్లగూబ ఎగిరిపోయింది, ఎలుక పారిపోయింది, వాడు బూతులు తిట్టాడు.

"తిట్టుకో నాయనా. రోడ్డు పక్కన ఎలుకలు దొరుకుతాయని దానికి నేర్పితే రేపు ఏ లారీ కిందో పడి చస్తుంది. అప్పుడు దానికి నువ్వొచ్చి తద్దినం పెడతావా?" అంది. ఆ మనిషిని అబద్ధాలకోరన్నారు చూడండి, అదీ నా మంట.

అసలు కథ ఎమ్మెట్ ప్రూయిట్ గడ్డి పొలంలో ఉన్న ఎండు చెట్టుది. ఎమ్మెట్ పశువులవాడు. చిన్నప్పుడు ఆర్డిస్ బస్సులోనే బడికెళ్ళాడు. అతని పొలం చివర, కుక్కపన్ను అనే కొండ కింద, పైభాగం విరిగిపోయిన పాత చెట్టు ఉంది. మా పెద్ద బూడిద గుడ్లగూబ గూడు కట్టుకోదు. అలా విరిగిన మొద్దు నెత్తి మీద గుంటలా ఉంటే అందులోనే గుడ్లు పెడుతుంది. ఆ జంట ఏటా అక్కడికే వస్తుంది. లోయలో అలాంటి చెట్లన్నీ పొయ్యిల్లోకి పోయాయి, మిగిలింది ఇదొక్కటే. ఎమ్మెట్ దాన్ని కొట్టేయాలనుకున్నాడు, కంచె మీదికి ఒరుగుతోందని. ఆర్డిస్ వెళ్ళి బతిమాలింది. అతను కాసేపు టోపీ సర్దుకుని ఒప్పుకున్నాడు.

"ఉంచుతా ఆర్డిసమ్మా. నువ్వు రోడ్డు మీంచి ఫోటో తీసుకో, నాకేం బాధలేదు. కానీ ఏ రోజు బయటివాళ్ళు కంచె దాటి నా గడ్డి తొక్కుతారో, ఆ రోజు రంపం తీస్తా. తర్వాత నన్ననకు."

"నీ మాట నువ్వు నిలబెట్టుకోరా, నా మాట నేను నిలబెట్టుకుంటా" అంది ఆర్డిస్.

ఏళ్ళపాటు ఇద్దరూ నిలబెట్టుకున్నారు. మధ్యలో గ్రాంట్ మెల్బీ వచ్చాడు. పట్నంలో ఉద్యోగం విరమించి, మా లోయలో ఇల్లు కట్టుకుని, వచ్చిన కొన్నాళ్ళకే ఫోటోల క్లబ్బు పెట్టి, దానికి తనే అధ్యక్షుడై కూర్చున్నాడు. మా ఊరి అగ్నిమాపక దళం ఏటా వేసే క్యాలెండరు పని కూడా తన నెత్తినేసుకున్నాడు. చెడ్డవాడని అనను. ఏదీ ఉన్నచోట ఉండనివ్వడు, అంతే. ఆర్డిస్ గుడ్లగూబ ఫోటో ఇచ్చింది, ఎప్పటిలాగే కొండ కత్తిరించి. అచ్చుకు చాలదు, కెమెరాలోంచి వచ్చిన పూర్తి ఫోటో కావాలన్నాడు. అచ్చు పనికే కదా అని నమ్మి ఇచ్చింది. డిసెంబరులో క్యాలెండరు చేతికొచ్చింది. జూన్ పేజీ తిప్పితే గుడ్లగూబ, దాని వెనకాల ఉన్నదున్నట్టు కుక్కపన్ను కొండ.

"చూశారా, కొండ తిరిగి పెట్టేసరికి చిత్రానికి ఎంత ఊపిరొచ్చిందో!" అన్నాడు నా హోటల్లో నిలబడి, మెచ్చుకుంటామని.

ఆర్డిస్ క్యాలెండరు బల్ల మీద బోర్లా పెట్టేసింది. "ఊపిరి వచ్చింది కాదయ్యా, పోయింది" అంది. అతనికి అర్థం కాలేదు. అప్పటికే క్యాలెండర్లు పంచేశారు, క్లబ్బు వాళ్ళు కంప్యూటర్లో కూడా పెట్టేశారు.

మంచు కరగడం మొదలవగానే కార్లు దిగాయి. మొదట కంచె బయట నిలబడ్డారు. తర్వాత కంచె ఎక్కారు. తర్వాత గేటే తీశారు. తీసినవాళ్ళు మూయలేదు, ఎమ్మెట్ ఆవులు రోడ్డు మీదికొచ్చేశాయి. ఒకావిడ, గుడ్లగూబ తనవైపు చూడడం లేదని చెట్టు మొదలు మీద కర్రతో కొట్టింది. ఆవిడ ఇంటి తలుపు మీద అలా ఎవడైనా కొడితే పోలీసులను పిలవదూ?

జూన్ వచ్చింది. గుడ్లగూబ పిల్లలు మొద్దు మీంచి దూకేశాయి. అప్పటికి వాటికి సరిగ్గా ఎగరడం రాదు. గడ్డిలో పడి, ఒరిగిన కొమ్మలు పాక్కుంటూ ఎక్కి, ఎక్కడో అక్కడ నక్కి ఉంటాయి. గూడు ఖాళీ అయిందని జనం వెనక్కి పోయారా? లేదు. బారులు తీరి గడ్డిలో దేవులాడడం మొదలుపెట్టారు, పిల్లల కోసం. కోయాల్సిన గడ్డి చాపలా పరుచుకుపోయింది.

ఎమ్మెట్ నా హోటలు తలుపు తోసుకుని వచ్చాడు. ఆర్డిస్ కౌంటరు దగ్గరే ఉంది.

"చెప్పానా లేదా ఆర్డిసమ్మా? చెప్పానా లేదా?"

"చెప్పావు."

"సోమవారం కొట్టేస్తున్నా. చెట్టు లేకపోతే వీళ్ళూ ఉండరు."

"పిల్లలు ఇంకా ఆ గడ్డిలోనే ఉన్నాయిరా."

"నా దూడ రోడ్డు మీద చచ్చింది, అది పిల్ల కాదా? నీ పక్షులకేనా ప్రాణం?"

నేను మధ్యలో దూరాను. "తప్పు చేసింది ఆ మెల్బీగాడు, ఆవిడనంటావేం? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు!"

"నాకు మెల్బీ మాటివ్వలేదు లొరెటా. ఆవిడిచ్చింది" అన్నాడు ఎమ్మెట్. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆర్డిస్ కూడా లేచింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది, చేతిలో అట్ట మీద అంటించిన పెద్ద ఫోటోతో. నన్నడగకుండానే కౌంటరు వెనక, అందరికీ కనబడేచోట, మేకుకు తగిలించింది. కింద తన రాతతో 'మన లోయ గుడ్లగూబ పిల్ల' అని ఉంది. బూడిద రంగు బొచ్చు పిల్ల, కళ్ళు పసుపుపచ్చగా మిటకరించి, విరిగిన మొద్దు మీద కూర్చుంది. దాని వెనకాల కొండ! ఆర్డిస్ తీసిన పక్షి ఫోటోలో కొండ! అదీ కుక్కపన్ను కాదు. లోయకు అటువైపు, తూర్పున, బురదనేల పైన ఉన్న గరిటె కొండ.

మాకు గరిటె కొండ అంటే పంచాంగం. దాని చరియలో మంచు గరిటె ఆకారంలో నిలుస్తుంది, కింద గుంట, పైకి పొడవాటి కాడ. ఎండలు ముదిరేకొద్దీ కాడ సన్నబడి మధ్యలో విరుగుతుంది. అది విరగనిదే మా లోయలో ఎవరూ టమాటా నారు నాటరు, పశువులను కొండ మీదికి తోలరు. పాలు తాగే పిల్లలు, కొత్తగా దిగినవాళ్ళు తప్ప ఆ కాడ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ ఏడు కాడ ముందే విరిగింది. నా కిటికీలోంచి చూస్తే కనబడుతూనే ఉంది, రెండు ముక్కలుగా.

ఫోటోలో కాడ విరగలేదు.

పిల్ల చూస్తే ఈ వారంది. కొండ చూస్తే మే నెలది. అడ్డొచ్చిన పుల్ల కూడా తీయని మనిషి, ఒక ఫోటోలో పక్షిని తెచ్చి ఇంకో ఫోటోలో కొండకు అతికించింది! నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ పళ్ళెంలో పాన్‌కేకు ముక్కలు చేసుకుంటోంది.

పొద్దుటి జనం వచ్చారు. మంచు తోసే బండి నడిపే అతను, పోస్టాఫీసు ఆవిడ, పశువుల డాక్టరు. ఒక్కొక్కరూ ఫోటో చూశారు, కిటికీలోంచి కొండను చూశారు, మళ్ళీ ఫోటో చూశారు, కాఫీలో చెంచా తిప్పుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు కిక్కురుమనలేదు. నేనే ఇంకా ఎవరైనా నోరు జారతారేమోనని కాఫీ పోస్తూ చచ్చాను.

తర్వాత మెడలో కెమెరాలవాళ్ళు వచ్చారు.

"అబ్బ! ఇదెక్కడ?"

"కొండ కనబడుతోందిగా" అన్నాను.

అంతే. ఫోటోను ఫోటో తీసుకుని, ఫోన్లలో ఒకరికొకరు పంపుకుని, బిలబిలమంటూ తూర్పు బురదకు పరిగెత్తారు. పక్షులు అటువైపుకే మకాం మార్చేశాయనుకున్నారు. రెండు రోజులకల్లా ఎమ్మెట్ కంచె దగ్గర ఒక్క కారు లేదు. బురదలోకి వెళ్ళినవాళ్ళు దోమకాట్లతో మొహాలు బూరెల్లా చేసుకుని వచ్చి నా దగ్గర ఐసు ముక్కలు అడిగేవారు. ఇచ్చాను, ఎందుకివ్వను? జన్మలో అంత సంతోషంగా ఎవరికీ ఏదీ ఇవ్వలేదు.

సోమవారం ఎమ్మెట్ వచ్చాడు. రంపం ట్రక్కులోనే ఉంది, నేను చూశాను. ఫోటో ముందు చాలాసేపు నిలబడ్డాడు. కిటికీ వైపు చూశాడు.

"కాడ ఇంకా విరగలేదన్నమాట" అన్నాడు.

"కనబడడం లేదా?" అంది ఆర్డిస్, తల ఎత్తకుండా.

"అయితే మా ఆవిడకు చెప్తా, నారు ఇప్పుడే నాటొద్దని." కూర్చున్నాడు. "లొరెటా, బెర్రీ పళ్ళ తీపి రొట్టె ఉందా?"

చెట్టు ఉండిపోయింది. జనం వెళ్ళాక ఆర్డిస్‌ను అడిగాను. "నీ దగ్గర అన్ని నెలల కొండ ఫోటోలు ఉన్నాయి కదే, కాడ విరిగినది పెట్టకూడదూ? పట్టుబడితే?"

"పెట్టొచ్చు. అప్పుడు మనవాళ్ళకు కూడా అబద్ధం చెప్పినట్టయ్యేది" అంది.

ఇదీ ఆవిడ చేసిన నేరం. ఇప్పుడు మెల్బీ దొర చేసిన న్యాయం వినండి.

మెల్బీ ఆ ఫోటో చూసి మురిసిపోయి, ఆవిడను అడగకుండానే రాష్ట్రస్థాయి పోటీకి పంపాడు. సభ్యుల తరఫున పంపే హక్కు క్లబ్బుకు ఉందట! అక్కడ న్యాయనిర్ణేత ఎవరో పట్టేశాడు, పక్షి మీద వెలుగు ఎడమ నుంచి, కొండ మీద కుడి నుంచి పడుతోందని. అతనికి కాడ సంగతి తెలియదు, వెలుగు సంగతి తెలుసు. మెల్బీకి తల కొట్టేసినట్టయింది. అక్టోబరులో హాల్లో సమావేశం పెట్టాడు. పక్క ఊళ్ళ క్లబ్బు సభ్యులు కూడా వచ్చారు, మెడల్లో అవే కెమెరాలు.

"ఆర్డిస్ గారూ, మీ మీద గౌరవం ఉంది కాబట్టే అడుగుతున్నాను. ఈ చిత్రం నిజమా?"

"కాదు."

"ఎందుకు చేశారు?"

ఎందుకో చెబితే ఏమవుతుంది? అసలు గుడ్లగూబలు ఇంకా కుక్కపన్ను కిందే ఉన్నాయని ఆ గదిలో ఉన్న కెమెరాలన్నిటికీ తెలిసిపోతుంది. వచ్చే వసంతానికి మళ్ళీ గేటు, మళ్ళీ ఆవులు, ఈసారి రంపం ఖాయం. ఆవిడ నోరు మెదపలేదు. మా ఊరివాళ్ళం సగం హాలు నిండా ఉన్నాం, అందరికీ తెలుసు. జూన్‌లో ఏ మౌనంతో పక్షిని కాపాడామో, ఇప్పుడు అదే మౌనంతో ఆవిడను ముంచుతున్నాం. నా పక్కన ఎమ్మెట్ టోపీని పిండి పిప్పి చేస్తున్నాడు. ఉన్నట్టుండి లేవబోయాడు.

"కూర్చోరా ఎమ్మెట్" అంది ఆర్డిస్. "బస్సు ఇంకా ఆగలేదు."

బస్సులో అల్లరిచేసే పిల్లలను అద్దంలోంచి చూసేదట, అదే చూపు. ఎమ్మెట్ కూర్చున్నాడు. తర్వాత ఆ చూపు నా మీద వాలింది. నేను నాలుక కరుచుకుని కుక్కిన పేనులా కూర్చున్నాను. గుడ్లగూబ ఇంటి అడ్రసు ఊరంతా పంచినవాడు తీర్పు చెబుతున్నాడు, దాన్ని కాపాడిన మనిషి బోనులో నిలబడింది! దొంగే దొంగ దొంగ అని అరవడమంటే ఇదే కదూ?

ఒకటి అబద్ధమైతే మిగతావాటిని ఎలా నమ్మడం, అన్నాడు మెల్బీ. చేతులెత్తించాడు. మా ఊరివాళ్ళు ఎవరూ ఎత్తలేదు, కానీ క్లబ్బువాళ్ళు ఎక్కువమంది. మర్నాడు ఫోటోలన్నీ దించి అట్టపెట్టెల్లో పెట్టి ఆవిడ వాకిట్లో దించేశారు. మూస్ దుప్పి, కొంగలు, పొగలో పొద్దు, అన్నీ. ఆవిడ ఆ పెట్టెలను కొట్టంలోకి లాక్కుంటుంటే నేను సాయం పట్టాను. ఆ రోజు ఆవిడ వంతు తిట్లు కూడా నేనే తిట్టాను.

మార్చిలో మెల్బీ నా హోటలుకు వచ్చాడు. ఆర్డిస్, ఎమ్మెట్ ఒకే బల్ల దగ్గర ఉన్నారు. అతను కూడా కుర్చీ లాక్కున్నాడు. గోడ బోసిగా ఉందని ఊళ్ళో అందరూ మొహం మీదే అంటున్నట్టున్నారు, పాపం నలిగిపోయాడు.

"ఆర్డిస్ గారూ, మీకు ఏదో కారణం ఉండి ఉంటుంది. నాకు తెలుసు. ఆ కారణమేదో నాలుగు ముక్కలు క్లబ్బుకు చెప్పండి చాలు. ఆ కాగితం నేనే చింపేస్తాను. మీ ఫోటోలు మళ్ళీ గోడెక్కుతాయి. మీ పేరు మీకొస్తుంది."

నాలుగు ముక్కలు! ఆవిడ వయసు నాకు తెలుసు. ఈ పేరు మళ్ళీ సంపాదించుకునే టైము లేదు ఆవిడకు. బల్ల మీద ఆవిడ వేళ్ళు కాసేపు రొట్టె తునకలను అటూ ఇటూ జరిపాయి.

"కారణం ఏముందయ్యా? బాగుంటుందని చేశాను. ఆ కాగితం అక్కడే ఉండనివ్వు" అంది. "ఒక మూల ఊడి వేలాడుతోంది, చూశాను. సరిగ్గా మేకు కొట్టించు."

ఎమ్మెట్ లేచి బయటికి వెళ్ళాడు. ట్రక్కులోంచి కంచె మేకులు గుప్పెడు తెచ్చి మెల్బీ ముందు బల్ల మీద పోశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మెల్బీ మేకుల వంక, మా మొహాల వంక చూసి, కాఫీ వదిలేసి వెళ్ళిపోయాడు. అతనికి అర్థమైందో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఆర్డిస్ నన్ను ట్రక్కు ఎక్కించుకుంది. ఎమ్మెట్ కంచె పక్కన, రోడ్డు మీద ఆపి, ఇంజను కట్టేసింది. అద్దం దించి ఆర్విల్ ప్యాంటు కాలు అంచు మీద వేసి, కెమెరా ఆనించింది. కొండ ఫోటోలోకి రాకుండా కెమెరాను కొంచెం కిందికి వంచింది. ఎవరికి చూపిస్తుందని ఇంకా ఆ పట్టింపు? ఏ గోడ మిగిలిందని? చలికి నా పళ్ళు టకటకలాడుతున్నాయి, కోపానికి ఒళ్ళు వేడెక్కిపోతోంది.

"ఊరుకుంటున్నావు చూడు, అదే నాకు మండేది!" అన్నాను. "వెళ్ళి వాడి మొహాన చెప్పెయ్యవే నిజం! నీ ఫోటోలు కొట్టంలో ఎలుకలు కొట్టాల్సిన గతేం పట్టింది? నేను చెప్తా, హాలు మధ్యలో నిలబడి గొంతు చించుకుని చెప్తా, ఎవడేం చేస్తాడో..."

ఆర్డిస్ కెమెరా మీంచి కన్ను తీయకుండానే చెయ్యి చాపి నా నోరు మూసింది.

"అరవకే లొరెటా" అంది. "గుడ్ల మీద కూర్చుంది."